కన్యాదాత భవానీప్రసాద్ గారు

నందిగామలో భవానీప్రసాద్ గారు లేని శుభకార్యం ఉండదు. చందర్లపాడు రోడ్డులో ఆయనకు ఎరువుల కొట్టుంది గానీ అందులో కూర్చునేది గుమాస్తా. ఈయన కూర్చునేది పెళ్ళిళ్ళలో, ముందు వరస సోఫాలో. శాలువా కోసం మెడ వంచే తీరు చూస్తే మనిషి పుట్టిందే అందుకేమో అనిపిస్తుంది. ఆయనకూ దుర్గాంబగారికీ పిల్లల్లేరు. ఆ సంగతి ఆయన ముందు ఎవరూ ఎత్తరు.

అలాంటి మనిషికి కన్యాదాత అయ్యే యోగం యుద్ధం పుణ్యమా అని పట్టింది. జగ్గయ్యపేట రాఘవమ్మగారి చిన్నబ్బాయి సతీష్‌బాబు ఉక్రెయిన్‌లో డాక్టరీ చదువుతుంటే బాంబులు పడ్డాయి. తోటి విద్యార్థిని ఒలేనాతో కలిసి సరిహద్దు దాటి, చదువు ఇంకెక్కడో ముగించి, ఆమెను వెంటబెట్టుకుని ఊరొచ్చాడు. ఆమె తల్లి ఎప్పుడో పోయింది. తండ్రిని యుద్ధానికి తీసుకున్నారు. వాళ్ళ ఊరు శత్రువుల చేతిలో ఉంది గనక వెనక్కి వెళ్ళే దారి లేదు.

రాఘవమ్మగారు పిల్ల కులం అడగలేదు. పెద్దబ్బాయి పక్కవీధిలో వేరే కులం పిల్లను చేసుకుంటానన్నప్పుడు పురుగుల మందు డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నది ఈవిడే. తెల్లతోలుకు మినహాయింపు ఉన్నట్టుంది. పెళ్ళి మాత్రం శాస్త్రోక్తంగా జరగాలన్నారు. దానికి పిల్ల తరఫున గోత్రం, తల్లీతండ్రీ కావాలి. దూరపు చుట్టమైన భవానీప్రసాద్ గారు మేం లేమా అని ముందుకు దూకారు.

అల్లుడి కాళ్ళు కడిగారు, ధార పోశారు, కళ్ళు తుడుచుకున్నారు. సరిగ్గా పడలేదని ఫొటోగ్రాఫరంటే మళ్ళీ తుడుచుకున్నారు. ఆ తర్వాత ఈ రెండేళ్ళలో ఆ కూతురిని ఒక్కపూట ఇంటికి పిలిచి అన్నం పెట్టిన పాపాన పోలేదు. దుర్గాంబగారు పిలుద్దామన్నప్పుడల్లా ఆయనకు ఎక్కడో ముహూర్తం ఉండేది.

మొన్న మాఘమాసంలో జగ్గయ్యపేటలో సతీష్‌బాబు గృహప్రవేశం. భవానీప్రసాద్ గారి పొరుగువాణ్ణి కదా, నేనూ వాళ్ళ కారులోనే వెళ్ళాను. పీటల మీద కూర్చోబోతుండగా ఒలేనాకు ఫోనొచ్చింది. యుద్ధంలో తండ్రి పోయాడు. ఆ పిల్ల అక్కడే కూలబడింది.

పురోహితుడు మైల అన్నాడు, మూడు రోజులు ఆగాలన్నాడు. రాఘవమ్మగారికి ఏడుపొచ్చింది, ముహూర్తం కోసం. అంతలోనే ఆవిడకు బుర్ర వెలిగింది. శాస్త్రప్రకారం పిల్ల తండ్రి భవానీప్రసాద్ గారే కదా, ఆయన సోఫాలో నిక్షేపంగా ఇడ్లీ తింటున్నారు కదా, ఇంక మైలెక్కడిదన్నారు. పురోహితుడు గడ్డం గోక్కుని అదీ సబబేనన్నాడు.

"నేనుండగా మా అమ్మాయికి మైలేంటండి? కానివ్వండి," అన్నారు భవానీప్రసాద్ గారు, చట్నీ వేలు నాక్కుంటూ.

చచ్చిపోయిన మనిషిని ఇంత సులువుగా లెక్కలోంచి తీసెయ్యడం నేనెక్కడా చూడలేదు. యుద్ధం దాటొచ్చిన సతీష్‌బాబు అమ్మ ముందు నోరు తెరవలేకపోయాడు. ఎవరో కాళ్ళకు పసుపు రాయబోతే ఒలేనా లేచి, తిన్నగా సోఫా దగ్గరకొచ్చింది.

"మీరు నాన్న అయితే, నేను మీ ఇంట్లో ఏడుస్తా. ఇక్కడ ఏడవనివ్వట్లేదు," అంది.

ఆయన ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టారు. ధార పోసి ఇచ్చేశాక పిల్ల అత్తారిదే కదా అని గొణిగారు. దుర్గాంబగారు మొగుడి వంక ఒక చూపు చూసి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కారు వైపు నడిచారు. తాళాలు ఆయన జేబులో ఉన్నాయి గనక ఆయనకూ కదలక తప్పలేదు. నేనూ ఎక్కాను.

దారి పొడుగునా ఆ పిల్ల కంట తడి లేదు. నందిగామలో వాళ్ళ గడప దాటాక మొదలుపెట్టిన ఏడుపుకు వీధి వీధంతా పోగైంది. భవానీప్రసాద్ గారు పట్టుపంచెతోనే అరుగు మీద కూలబడ్డారు. అప్పటిదాకా ఆయన మీద నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఎదురింటి కృపావతి టీచరు దగ్గరకొచ్చి, ఎవరు పోయారండీ అని అడిగింది.

ఆయన తలెత్తలేదు.

"మా అమ్మాయి వాళ్ళ నాన్న," అన్నారు.