ఉప్పెక్కిన చెలమ

భూమి అంతా కలిపి ఒకటే ప్రాణి, నీరూ గాలీ మన్నూ దాని ఒంట్లో భాగాలే అని ఈమధ్య ఒక సభలో ఎవరో పెద్దమనిషి చెబుతుంటే, అందరూ కొత్త సంగతి విన్నట్టు తలలు ఊపారు. నాకు మాత్రం ఆ పాఠం పందొమ్మిదివందల యాభైల్లోనే అయింది, అదీ మొట్టికాయ తిని.

అప్పుడు నాకు కొత్తగా ఉద్యోగం. టెక్కలిలో పుట్టి పెరిగినవాణ్ణి, పూండి స్టేషన్లో దిగి, ఇసకలో కాళ్లీడ్చుకుంటూ సముద్రపు ఒడ్డున ఉన్న జాలర్ల పేటకు పంతులుగా వెళ్లాను. పక్కింటి ముసలమ్మ రోజూ నాకూ ఒక కుండ మంచినీళ్లు తెచ్చిపెట్టేది. పేటకంతటికీ ఒకటే చెలమ, ఇసకలో మోకాలి లోతు గుంట. ఆడవాళ్లు దాని చుట్టూ కూర్చుని, నీరు ఊరేదాకా ఆగి, కొబ్బరి చిప్పతో పైపైన తోడుకునేవారు.

ఆ వేసవిలో ముసలమ్మ కూతురు పురుటికొచ్చి ఆడపిల్లను కంది. బాలింతకు నీళ్లకోసం ఆవిడ ఎండలో పడిగాపులు పడుతుంటే చూడలేకపోయాను. సైన్సు చెప్పే పంతుల్ని కదా, ఇంకాస్త తవ్వుకోవాలన్న తెలివి వీళ్లకు లేకపోయిందే అనుకున్నాను. మగవాళ్లు వేటకీ, ఆడవాళ్లు చేపలమ్మడానికీ వెళ్లిన పూట, పార పట్టుకుని చెలమను నడుం లోతు చేసేశాను. నీరు బుగబుగా ఊరింది. నా గొప్పకు నేనే మురిసిపోయాను.

తెల్లారేసరికి ఆ నీరు నోట పెట్టలేనంత ఉప్పు.

ముసలమ్మ రుచి చూసి ఉమ్మేసి, నా అరచేతుల్లో బొబ్బలు చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

“కింద సముద్రముంటాది బాబూ. దాని మీద వాననీరు పల్చగా పడుకునుంటాది. పైపైన తీసుకోవాల గాని కెలక్కూడదు,” అంది.

“ఇప్పుడేం చెయ్యాలమ్మా?”

“కప్పెట్టి ఒగ్గీడమే, వానలు పడేదాకా ముట్టకూడదు. ఇంటికాడ మా పిల్ల బాలింతై పడుకున్నాది, దాని సేత పని సేయిత్తన్నామేటి? దీనికీ అంతే.”

ఇద్దరం ఇసకతో పూడ్చాం. ఇక పేటంతటికీ దిక్కు పక్క పేటలో, కోసు దూరంలో ఉన్న చెలమే. వానలు పడేదాకా ఆవిడ వెనక నేనూ రోజూ కావిడి మోశాను. నీళ్లు చాలని రోజున ఆ ఇంట్లోంచి పసిబిడ్డ ఏడుపు వినబడితే, నాకు చచ్చినంత పనయ్యేది.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం ఆవిడ పాతచోటే మోకాలి లోతు తవ్వింది. ఊరిన నీరు ముందు తను రుచి చూసి, పిల్లను చంకనేసుకుని వచ్చిన కూతురికి ఇచ్చి, తర్వాత చిప్ప నాకందించింది. తియ్యగా ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.

“నామీద కోపం లేదా అమ్మా?” అన్నాను.

ఆవిడ చెలమ అంచు అరచేత్తో సర్దుతూ, “దీనికే లేని కోపం నాకేటి బాబూ,” అంది.