మొగ దగ్గర ఎడమ ఇండికేటరు

చేపల వేట నిషేధం ముగిసిన వారంలోనే అత్తయ్యగారు ఫోన్ చేశారు. "అల్లుడుగారూ, వెంకన్న బోటేసుకుని వేటకెళ్ళాడండి. రేపు పొద్దుగూకే వేళకి మొగలోకి వచ్చేస్తాడు. మావగారి కారు తీసుకొచ్చెయ్యండి. లైట్లు చూపించాలి."

ఈ ప్రయాణం ఎందుకో ముందే చెప్పాలి. నది సముద్రంలో కలిసే చోటుని మా అత్తగారి ఊళ్ళో మొగ అంటారు. అక్కడ ఇసుక మేట ఏటా చోటు మార్చుకుంటుంది. నిషేధం తర్వాత మొదటి వేట నుంచి బోటు తిరిగొచ్చే రోజున మా మావగారు, ఆటుకి నీళ్ళు వెనక్కి తీసినప్పుడు వెదురుగడతో లోతు చూసుకునేవారు. మసక చీకటి పడగానే కారుని సముద్రానికి ఎదురుగా నిలిపి, హెడ్‌లైట్లు వేసి, లోతున్న వైపు ఇండికేటరు వెలిగించేవారు. ఎటు మిణుకుమంటే అటు నీళ్ళు. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు. తండ్రి ఒడ్డున లేకుండా మొగలోకి రావడం మా బావమరిది వెంకన్నకి ఇదే మొదలు.

కారేమో ఆయన పోయాక మా దగ్గరికే వచ్చింది. విజయవాడ పటమటలో మా ఇంటి ముందు ఉంది గానీ, దాని డాష్‌బోర్డుకి పిచ్చెక్కింది. హెడ్‌లైట్లు విడిగా బాగానే వెలుగుతాయి. ఇండికేటరు విడిగా బాగానే కొట్టుకుంటుంది. రెండూ కలిపి వేస్తేనే తంటా. ఎడమది వేస్తే కుడిదీ మిణుకుమంటుంది, హెడ్‌లైట్లు దాంతోపాటే కళ్ళార్పుతాయి, పెట్రోలు ముల్లు కూర్చున్న చోట కూర్చోకుండా గంతులేస్తుంది. మా వీధి మెకానిక్కు ఫ్యూజులు మార్చాడు, బల్బులు మార్చాడు, చివరికి "మొత్తం వైరింగు లాగాలి సార్, వారం పడుద్ది" అన్నాడు. వారం దాకా సముద్రం ఆగుతుందా? నాకు జిరాక్సు షాపుంది. మెషీన్లో ఇరుక్కున్న కాగితం తియ్యడం తప్ప నాకు రిపేర్లు రావు. కోపం మాత్రం అడక్కుండానే వస్తుంది.

ఏమైతే అదైందని మర్నాడు పొద్దున్నే ఇడ్లీలు తిని నేనూ మా ఆవిడ సత్యవతీ బయల్దేరాం. కంకిపాడు దాటాక ఎండ ముదిరింది. ఉయ్యూరు దగ్గర రెండు పక్కలా చెరుకు తోటలు. కాలవలకి ఇంకా నీళ్ళు వదల్లేదు, నారుమళ్ళు దున్ని సిద్ధంగా ఉంచారు. కారు లేనివాళ్ళు దిగులుపడక్కర్లేదు, విజయవాడ నుంచి అవనిగడ్డకి బస్సులున్నాయి. పామర్రులో ఆగి తాటిముంజలు తినడం మాత్రం మరవకండి.

అక్కడే కుడికి తిరగాలి. ఎలా ఉందో చూద్దామని హెడ్‌లైట్లు కూడా వేసి ఇండికేటరు నొక్కాను. ముంజలమ్మే ఆవిడ కత్తి పక్కన పెట్టి మరీ అరిచింది. "ఓ బాబూ, ఎటెళ్తావో తేల్చుకో! అన్నీ కొట్టుకుంటన్నాయి!"

నవ్వొచ్చింది గానీ, ఎంతోసేపు నిలవలేదు. వెంకన్నకి కూడా ఇలాగే కనబడుతుంది. కూచిపూడి, మొవ్వ దాటేదాకా రెండు పక్కలా కార్ల ఎలక్ట్రీషియన్ బోర్డు కోసం చూసుకుంటూ వెళ్ళాం.

చల్లపల్లి చేరేసరికి పదకొండు. సెంటరుకి కాస్త ఇవతల రేకుల షెడ్డులో కార్ల ఎలక్ట్రీషియన్ షాపుంది. ఆయన పేరు యేసురత్నం. మాటకారి. టెస్టు లైటు పెట్టి చూసి, "కరెంటు బ్రహ్మాండంగా వస్తందండి. మీటరే పోయింది. మీటరు మార్చాల్సిందే" అన్నాడు.

"మీటరు పోతే హెడ్‌లైట్లెందుకు కళ్ళార్పుతాయయ్యా?" అని నేను గొంతు పెంచాను.

"అదేనండీ నాకూ అర్థం కావట్లేదు" అని ఆయన హాయిగా ఒప్పుకున్నాడు.

ఈలోగా సత్యవతి ఎడమ సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట తల దూర్చింది. "ఏవండీ, ఇక్కడ ఉప్పుచేపల వాసనొస్తంది."

"నీకు ఎక్కడ చూసినా పుట్టింటి వాసనే" అన్నాను.

ఆమె నవ్వలేదు. "నాన్న మనింటికొచ్చినప్పుడల్లా ఉప్పుచేపల బుట్ట ఇక్కడే పెట్టుకొచ్చేవాడండి. డిక్కీలో పెడితే ఉడికిపోతాయనేవాడు. ఉప్పునీళ్ళు కారతానే ఉండేయి."

యేసురత్నం గబుక్కున వంగి అడుగు పట్టా లేపాడు. కింద తెల్లగా ఉప్పు పేరుకుపోయింది. అంచున ఒక బోల్టు, దానికి బిగించిన నల్ల తీగల గుత్తి. తీగల కొసలు పచ్చగా చిలుమెక్కాయి, బోల్టు తుప్పుపట్టి సగం అరిగిపోయింది.

"ఎర్తు! నా బుర్ర మండా, ఎర్తండీ ఇది!" అని నుదురు కొట్టుకున్నాడు. "కరెంటు ఎళ్తే చాలదు కదండీ, తిరిగి రావాలి. తీగ మీద ఎళ్ళి, ఈ కారు ఇనుమంతా పట్టుకుని బ్యాటరీకి తిరిగొస్తది. అన్ని లైట్లకీ తిరిగొచ్చే దారి ఈ బోల్టే. ఇది మూసుకుపోతే పాపం అదేం చేస్తది? పక్క బల్బులోంచి దూరి దారి ఎతుక్కుంటది."

బ్యాటరీ నెగిటివ్ నుంచి ఒక తీగ తెచ్చి ఆ గుత్తికి తాకించి, "ఇప్పుడు వెయ్యండి" అన్నాడు. హెడ్‌లైట్లు వేసి ఎడమ ఇండికేటరు నొక్కాను. ఎడమది ఒక్కటే మిణుకుమంది. ముల్లు గుడిలో దీపంలా నిలబడింది. ఇన్నాళ్ళూ నేను చెయ్యి ఆన్చిన తలుపు, కాళ్ళు చాపుకున్న రేకు, అన్నీ కరెంటు నడిచే దారేనన్నమాట! కూతురికి చేపలు మోసుకొచ్చిన తండ్రి, తెలియక ఆ దారిని ఉప్పుతో మూసేశాడు. సత్యవతి ఆ తెల్లటి ఉప్పుని వేలితో తాకి చాలాసేపు చూసింది. యేసురత్నం ఉప్పుకాగితంతో గీకి, కొత్త బోల్టు వేసి, గ్రీజు పూశాడు. "మీటరు సంగతి మర్చిపోండి సార్" అని నవ్వాడు.

మోపిదేవిలో భోజనం చేసి, అవనిగడ్డ, కోడూరు మీదుగా వెళ్ళాం. ఊరు చేరేసరికి అత్తయ్యగారు వెదురుగడతో ఒడ్డునే ఉన్నారు. చీర మోకాళ్ళ దాకా తడిసింది. "ఎడమేనండి. నేనే దిగి చూశాను" అన్నారు.

"వాడికి ఫోనుంది కదత్తయ్యా, అందులో మ్యాపు..."

"ఫోనుకి ఊరు తెలుసండి. ఈ ఏడాది మొగ దానికేం తెలుసు?"

మసక పడింది. నది ఎక్కడ ఆగిందో, సముద్రం ఎక్కడ మొదలైందో కనబడలేదు. అంత నీరు నేనెప్పుడూ ఒక్కచోట చూడలేదు. దాని ముందు మా కారు అగ్గిపెట్టె. లైట్లు వేశాను. ఎడమది నొక్కాను. దూరంగా ఒక చిన్న దీపం కనబడింది. అది కుడికే వస్తోంది. అత్తయ్యగారు నా భుజం పట్టుకున్నారు. ఆవిడ ముఖం మీద పసుపు వెలుగు వెలిగి ఆరుతోంది. దీపం ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెల్లగా ఎడమకి తిరిగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయని చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు.

వెంకన్న బోటు దిగి, చేపల సంగతి ఎత్తకుండా, "నిరుడు కుడేగా, అటే తిప్పేశాను. మొగ ఎవరు చూశారమ్మా?" అని అడిగాడు.

"నేనేరా" అన్నారావిడ. వాడు వంగి ఆవిడ తడికాళ్ళు పట్టుకున్నాడు.

మర్నాడు టిఫిన్లయ్యాక తిరుగు ప్రయాణం. కారుతున్న ఉప్పుచేపల బుట్ట తెచ్చి అత్తయ్యగారు అలవాటుగా ఎడమ సీటు ముందే పెట్టారు. నేను నోరు తెరిచేలోగా సత్యవతి దాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

చల్లపల్లి మలుపులో హెడ్‌లైట్లు కూడా వేసి ఇండికేటరు నొక్కాను, ముల్లు కదల్లేదు. ఈ దారిన వెళ్ళేవాళ్ళు హంసలదీవి సంగమం ఎలాగూ చూస్తారు. నాకు మాత్రం ఆ సముద్రంతో సమానంగా, గ్రీజు పూసిన ఆ చిన్న బోల్టు కూడా గుర్తుండిపోయింది. వెళ్ళిన ప్రతిదీ తిరిగొచ్చే దారి కోసం ఎంత వెతుక్కుంటుందో అక్కడే చూశాను.

పటమట చేరేసరికి సత్యవతి చీర ఉప్పునీళ్ళతో తడిసి ముద్దయింది. కొత్త చీర కదా అన్నాను.

"పోనిద్దురూ," అంది బుట్ట దించకుండానే, "చీరయితే ఉతుక్కోవచ్చు."