పేరు లేని రేకు ముక్క

కత్తెర మందుబిళ్ళల రేకును కోస్తున్న చప్పుడు వింటే ఇప్పటికీ నా చెయ్యి ఆగిపోతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లోని నా మందుల షాపులో కొత్తగా చేరిన అమ్మాయి నిన్న బిళ్ళల షీటును సగానికి కత్తిరించింది. పేరున్న సగం డబ్బాలో దాచి, పేరు లేని సగం ఓ ముసలామె చేతిలో పెట్టింది. మిగతాది అమ్మాలంటే పేరు మన దగ్గరే ఉండాలి కదా, షాపుల్లో అందరూ చేసేదే. ఆమె వెళ్ళిపోయాక డబ్బా చూసి నేను అరిచిన అరుపుకి ఆ పిల్ల బిత్తరపోయింది. పాపం, శారద మేడం ఎవరో తనకేం తెలుసు?

మేడం బాపట్ల వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డ మనిషి. ఆస్పత్రి ఫార్మసీలో రిటైరయ్యాక, వరదలొచ్చినా మంటలు రేగినా మందుల షాపువాళ్ళు జనాన్ని ఎలా ఆదుకోవాలో ఎల్‌బీ నగర్‌లో ఆదివారాలు నేర్పేది. మొదటి క్లాసులోనే మా చేతికి కత్తెరలు, బిళ్ళల షీట్లు ఇచ్చి, మందు పేరు కొన్నవాళ్ళకే వెళ్ళేలా కత్తిరించమంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"వరదలకు, కత్తెరకు ఏం సంబంధం మేడం? గిదేం ట్రైనింగు?" అన్నాను.

"నీ దగ్గర కొన్నవాళ్ళేనయ్యా రేపు తడిబట్టలతో క్యాంపుకొచ్చేది. నీకేం చూపించి అడుగుతారు?" అంది. నేను నవ్వేశాను.

ఆ వానాకాలమే మూసీ నాగోల్ ఇళ్ళలోకి వచ్చింది. ఫంక్షన్ హాల్లో పెట్టిన క్యాంపులో మందుల బల్ల దగ్గర మేడం, నేను ఉన్నాం. ఒకామె తండ్రిని నడిపించుకుని వచ్చింది. ఆయన ఏమడిగినా పలకడం లేదు. ఆమె కొంగుముడి విప్పి ఖాళీ రేకు ముక్క ఇచ్చింది. దాని మీద ఒక్క అక్షరం లేదు.

"గివే గోలీలు కావాలె సార్. చిన్నయి, తెల్లయి. దేనికేస్కుంటడో నాకు తెల్వది. చిట్టీలన్ని నీళ్ళల్ల పోయినయి."

"బీపీ గోలీల లెక్కనే ఉన్నది మేడం, ఇద్దామా?" అన్నాను.

మేడం రేకును వెలుతురుకు పట్టి చాలాసేపు తిప్పి చూసింది. "ఊహించి ఇవ్వకూడదయ్యా. ఆస్పత్రికి పంపిద్దాం" అంది.

నీళ్ళలో ట్రాక్టరు వచ్చేసరికి ఆలస్యమైంది. దారిలోనే ఆయనకు ఫిట్స్ మొదలయ్యాయి, ఆగలేదు. ఆస్పత్రి చేరకముందే ప్రాణం పోయింది. ఆయన వాడుతున్నవి ఫిట్స్ బిళ్ళలని అప్పుడు గాని మాకు అర్థం కాలేదు. అవి మా బల్ల మీదే ఉన్నాయి.

ఆయన కూతురు తిరిగొచ్చి, "మందులు ముందట పెట్టుకొని మా నాయినను సంపితిరి గదమ్మా" అంది. మేడం తలదించుకుని విన్నది. ఆమె వెళ్ళాక హాలు మెట్ల మీద కూర్చుని, "పేరులో ఒక్క అక్షరం మిగిలున్నా పట్టుకునేదాన్నయ్యా" అంటూ ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

ఆ తర్వాత ప్రతి క్లాసులో మేడం, తన దగ్గరే ఉండిపోయిన ఆ ఖాళీ రేకు అందరి చేతికీ ఇచ్చి, ఏం మందో చెప్పమనేది. మొన్న చలికాలం మేడం పోయాక అది నా దగ్గరికి చేరింది. నిన్న అరుపులయ్యాక ఆ పిల్ల చేతిలో పెట్టాను.

"గిదేం మందు?"

అటూ ఇటూ తిప్పింది. "పేరు లేదు గదన్నా, ఎట్ల చెప్పాలె?"

డబ్బాలోంచి పేరున్న సగం తీసుకుని, ఆ ముసలామె కోసం మెట్రో మెట్ల దాకా పరిగెత్తాను. దొరకలేదు. ఎప్పుడైనా మళ్ళీ వస్తుందేమోనని దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను, మేడం రేకు పక్కనే.