గోస్పాడు పైకి, ఆళ్లగడ్డ కిందికి

టీచర్ల బదిలీలకు వెబ్ ఆప్షన్లు పెట్టుకోమన్న ఆ ఆరు రోజులూ మా ఇంట్లో అన్నం సరిగ్గా ఉడకలేదు. నేను లెక్కల టీచర్ని. నంద్యాలలో బాడుగిల్లు. ఎనిమిదేళ్లుగా బనగానపల్లెలో బస్సు మారి కొలిమిగుండ్ల దగ్గరి బడికి పోయి వస్తున్నాను. బెలుం గుహలు చూడ్డానికి వచ్చినవాళ్లు కిటికీ పక్కన కూర్చుని ఫోటోలు తీసుకుంటుంటే, కడ్డీ పట్టుకుని నిలబడే నిద్రపోవడం నేర్చుకున్నాను. అందుకే ఈసారి ఎట్లాగైనా గోస్పాడు రావాలి. నంద్యాల పక్కనే, ఒకటే బస్సు, వెలుగుండగానే ఇల్లు. ఇల్లు మారే పని కూడా లేదు. దేవుణ్ని ఇంకేమీ అడగలేదు నేను.

ఈ ఆప్షన్ల సంగతి తెలియనివాళ్లకు చెప్తాను. ఖాళీలున్న బడుల పేర్లు వరసగా వస్తాయి. కావలసినదాన్ని పైకి, వద్దన్నదాన్ని కిందికి జరుపుకుని సేవ్ చేసుకోవాలి. చివరి రోజు ఫ్రీజ్ అనే బటన్ నొక్కితే ఇక ఎవరొచ్చినా ఆ వరస మారదు. ప్రతి పేరు పక్కన మూడు గుర్తులుంటాయి: పైకి బాణం, కిందికి బాణం, తీసేయడానికి చెత్తబుట్ట. ఈ గుర్తుల సంగతి నాకు తర్వాత తెలిసింది. మా ఇంటి ల్యాప్‌టాప్‌లో మాత్రం మూడు డబ్బాలే కనిపించాయి, అచ్చు గుద్దినట్టు.

మొదటి రోజు గోస్పాడు పక్కనున్న డబ్బా ఒకటి నొక్కాను. గోస్పాడే మాయమైపోయింది. "ఈ సైటు చేసినోని చేతులు పడిపోను" అని మొదలుపెట్టి నేను తిట్టిన తిట్లన్నీ ఇక్కడ రాయను, ఆదివారం చర్చిలో పాటలు పాడే నోరిది. ఆ పేరు మళ్లీ వెతికి చేర్చేసరికి పొయ్యి మీద పప్పు మాడింది.

మా ఆయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డులో పనిచేస్తాడు. పొద్దున్నే బస్సెక్కి పోయి, తలనిండా రాతిపొడితో వస్తాడు. మాటలు తక్కువ. "గవర్నమెంటు సైట్లు అట్లనే ఉంటాయిలేమ్మే" అని కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

నేను ఊరుకుంటానా? మర్నాడు బడి నుంచి భూతద్దం తెచ్చి ఆ డబ్బాలను పరీక్ష చేశాను. ఒక్కో డబ్బాలో చీమ తలకాయంత అక్షరాలున్నాయి. ఎఫ్ సున్నా ఆరు రెండు నొక్కితే బడి పైకి. ఎఫ్ సున్నా ఆరు మూడు నొక్కితే కిందికి. ఎఫ్ ఒకటి ఎఫ్ ఎనిమిది నొక్కితే బడి గల్లంతు. ఎక్కాల మాదిరి కాగితం మీద రాసి గోడకు అంటించాను. ప్రార్థన చేసుకుని, గోస్పాడును ఒక్కో మెట్టూ ఎక్కించి మొదటి స్థానంలో కూర్చోబెట్టాను. ఆళ్లగడ్డ ఎక్కడో అడుగున ఉంది. సేవ్ చేసి హాయిగా పడుకున్నాను.

పొద్దున చూస్తే మొదటి పేరు ఆళ్లగడ్డ.

సాయంత్రం మళ్లీ గోస్పాడును ఎక్కించాను. తెల్లారితే మళ్లీ ఆళ్లగడ్డే. మూడో పొద్దుకి నా పట్టిక మీద నాకే నమ్మకం పోయింది. "డబ్బాలు గదా, యాడ నొక్కితే ఏమైతాదో ఎవరికి తెలుసు" అన్నాడు మా ఆయన, ఉగ్గాని తింటూ.

మా బడిలోనే పనిచేసే చిన్న టీచరుకు ఫోన్ చేశాను. "ఎఫ్ సున్నా ఆరు రెండు నొక్కితే నీకు పైకే పోతాందా?"

"అదేందక్కా? మాకు బాణం ఉంది. నొక్కితే పైకి పోతాది."

"డబ్బాలు లేవా?"

"డబ్బాలేందక్కా? నువ్వు బాగున్నావు గదా?"

ఫోన్ పెట్టేశాను. అంటే గవర్నమెంటు తప్పు కాదు, రోగం మా ఇంట్లోనే ఉంది. ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, నంద్యాల బజారులో కంప్యూటర్లు బాగుచేసే భాయ్ దగ్గరికి పోయాను. ఆయన రెండు నిమిషాలు చూశాడు.

"మేడమ్, అక్షరాల సెట్టింగు ఎవరు ముట్టినారు?"

"మా ఆయనే అయ్యుంటాడు" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది. నెల కిందట, సైట్లలో తెలుగు సన్నగా, ఎండు పుల్లల్లా ఉందని, గుండ్రంగా లావుగా ఉండే అక్షరాలు పెట్టుకున్నాను. సైట్లు తమ అక్షరాలు తాము వాడుకోవచ్చు అన్నచోట ఉన్న టిక్కు కూడా నేనే తీసేశాను. నా ఇంట్లో వాళ్ల పెత్తనమేంది అనుకున్నాను.

"ఈ బాణాలు బొమ్మలు కావు మేడమ్, అవీ అక్షరాలే" అన్నాడు భాయ్. "సైటు తన అక్షరాలు తాను తెచ్చుకుంటాది. మీరు వాకిట్లోనే ఆపేసినారు. ఇంక డబ్బాలు గాక ఏమొస్తాయి?"

టిక్కు పెట్టగానే డబ్బాలన్నీ బాణాలైపోయాయి. నా పట్టికలో వీసమెత్తు తప్పు లేదని తేలింది. ఆ సంబరంలో, మరి రోజూ ఆళ్లగడ్డ ఎట్లా ఎక్కుతోందన్న అనుమానమే రాలేదు. గోస్పాడును అక్కడే మొదట పెట్టి, సేవ్ చేసి ఇంటికొచ్చాను.

తెల్లారితే ఆఖరి రోజు. ఫ్రీజ్ చేద్దామని తెరిచాను. మొదటి పేరు ఆళ్లగడ్డ. దాని పక్కన బాణం కళ్లు మూసుకున్నా కనబడేంత స్పష్టంగా ఉంది.

మా ఆయన క్యారియర్ సర్దుకుంటున్నాడు.

"ఏమయ్యా, ఇప్పుడు డబ్బాలు లేవు" అన్నాను.

ఆయన క్యారియర్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "నేనే జరిపినా" అన్నాడు. "నాలుగు దినాల నుంచి నువ్వు లేవకముందే జరుపుతాండా. పాస్‌వర్డు ల్యాప్‌టాప్‌లోనే ఉంది, నీ పట్టిక గోడ మీదుంది గదా."

నాకు ఒళ్లు మండిపోయింది. "నోరు లేదా నీకు? అడిగితే ఏం పోతాది?"

"ఎట్లడిగేది? ఇంట్లోకి రాంగానే నీ బస్సు కథే చెప్తావు. ఎనిమిదేండ్లు, ఎనిమిదేండ్లు అంటావు. నేనూ ఎనిమిదేండ్ల నుంచి బస్సులోనే పోతాండా. ఒక్క దినమన్నా అడిగినావా?"

అడగలేదు. ఆయన ఏమీ అనడు కాబట్టి ఆయనకు బస్సంటే ఇష్టమేనేమో అనుకున్నాను. సిగ్గేసింది. కోపం మాత్రం తగ్గలేదు. ఆ కోపంతోనే ఆళ్లగడ్డను కిందికి తోసి గోస్పాడును పైన పెట్టాను. ఆయన చూశాడు. లేచి, చెప్పులేసుకోబోయాడు.

"కూర్చో" అన్నాను.

కూర్చున్నాడు. ఆళ్లగడ్డలో కాపురం పెడితే నా బడికీ ఆయన షెడ్డుకూ నడిచే పోవచ్చు. ఈ లెక్క లెక్కల టీచరుకు ఎనిమిదేళ్లు తట్టలేదు. పైకి బాణం నొక్కుతూ ఆళ్లగడ్డను మొదటి స్థానానికి ఎక్కించాను, ఆయన కళ్ల ముందే. ఫ్రీజ్ నొక్కాను.

"నువ్వు జరిపితే దొంగతనం, నేను జరిపితే ఆప్షన్. తెలిసిందా?"

ఆయన గోడ గడియారం వైపు చూశాడు. "బస్సు పోయింది" అన్నాడు.

"పోనీ" అన్నాను.