మూడో మంచం కింద చెప్పులు

1987లో నేను చండ్రుగొండ అవతల, అడవి అంచున ఉన్న ఒక మిషన్ దవాఖానాలో ఆడవాళ్ళ టీబీ వార్డు ఆయాని. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను గానీ అప్పటికి చదువు రాదు. మందులను రంగుతో గుర్తుపట్టేదాన్ని. రిఫాంపిసిన్ అనే ఎర్ర క్యాప్సూల్ మింగితే మూత్రం నారింజ రంగులో వస్తుంది. బెడ్‌పాన్లు కడిగేది నేనే. అందుకని ఎవరు మింగుతున్నారో, ఎవరు పారేస్తున్నారో డాక్టరుకన్నా ముందు నాకే తెలిసేది.

ఐదో మంచం రాములమ్మది. అశ్వారావుపేట వైపు కూలి మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. నర్సు ముందు క్యాప్సూల్ నోట్లో వేసుకున్నట్టే ఉండేది. అయినా వారంగా మూత్రానికి రంగు లేదు. బరువు తగ్గుతోంది. అడిగితే నవ్వేది.

"మింగుతనే ఉన్న ఆయమ్మా. నోట్ల చెయ్యి పెట్టి సూస్తవా ఏంది?"

మా డాక్టరమ్మ జర్మనీ నుంచి వచ్చిన క్రైస్తవ సన్యాసిని. ఆ ఏడు ఆమెకు ఇంటి నుంచి ఒక వీడియో క్యాసెట్ వచ్చింది. అది ఒపెరా. మన చిందు భాగవతంలా కథంతా పాటలతోనే నడుస్తుంది. స్టేజి మీద ఆడుతుంటే కెమెరాతో తీశారు. ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీని వరండాలో పెట్టించి, కథ నాకు చెప్పి, వార్డుకు వివరించమంది. వేటగాడి కూతురు ఒక సిపాయిని ప్రేమిస్తుంది. అతను యుద్ధంలో పోయాడని విని మంచం పడుతుంది. అతను తిరిగొచ్చేసరికి ఆమె ఆఖరి ఘడియల్లో ఉంటుంది.

ఆ పిల్ల అతని ఒళ్ళో పడుకుని చాలాసేపు పాడింది.

"గంత ఊపిరి ఏడికెల్లి వస్తుందే దానికి? నేను బాయి కాడికి పోతేనే ఆయాసమాయె!" అంది రాములమ్మ. వార్డంతా నవ్వి, దగ్గింది.

పాట ఆగింది. తల వాలింది. మా వార్డులో చావు మాట ఎత్తకూడదని ఆయాల కట్టుబాటు. ఎవరైనా పోతే "ఇంటికి పోయింది" అనేవాళ్ళం. ఆ అలవాటుతోనే, "అలిసిపోయి పండుకుంది" అన్నాను.

రాములమ్మ నవ్వు ఆపింది.

"పండుకుంటే ఆయన నెత్తి కొట్టుకుంటడా? మూడో మంచం సీతమ్మ గూడ ఇంటికి పోయిందంటివి. దాని చెప్పులు మంచం కిందనే ఉండె. మీ గోళీలు తిన్నా గట్లనే పోతరు. నేనెందుకు మింగాలె?"

అందరూ నా వైపు చూశారు.

"అవ్, సీతమ్మ చనిపోయింది" అన్నాను. "గోళీలు తిని కాదు. నిరుడు దగ్గు తగ్గిందని నడుమల మానేసి పోయింది. మళ్ళొచ్చేసరికి మందు పనిచెయ్యలే. నువ్వు మానితే నీకూ అదే గతి. మింగితే బతికే దారుంది. కానీ ఒట్టెయ్యలేను."

ఆమె టీవీ వైపు చెయ్యి చూపించింది. "మరి గీ పిల్ల?"

"చచ్చిపోయింది."

"గా ముచ్చట ముందే చెప్పొద్దా?" అని కొంగు ముడి విప్పింది. అందులో ఒకదానికొకటి అతుక్కుపోయిన ఎర్ర క్యాప్సూళ్ళు ఉన్నాయి. నా చేతిలో పెట్టింది.

మర్నాడు ఆమె బెడ్‌పాన్ నారింజ రంగులో ఉంది. కోర్సు పూర్తయ్యాక నడిచే ఇంటికి వెళ్ళింది.

ధైర్యం చెబుతున్నామనుకుని మేం మందు మీద నమ్మకాన్నే పోగొట్టాం. ఆ తర్వాత వార్డులో ఎవరు పోయినా చెప్పులు తీసి వాళ్ళ ఇంటివాళ్ళ చేతికిచ్చాను. మిగతావాళ్ళు అడిగితే, చనిపోయిందనే చెప్పాను.