ఊడని జిగురు

హనుమత్ప్రసాద్ దృష్టిలో లోకంలో రెండే రకాల వస్తువులు: తను అంటించినవి, ఎప్పటికైనా ఊడిపోయేవి. అమీర్‌పేటలో మెట్ల కింది గది ఒకటి ఆయన కంపెనీకి బ్రాంచి ఆఫీసు. అమ్మేది థర్మోప్లాస్టిక్ ఎలాస్టోమర్ జిగురు. మామూలు రబ్బరు ఒకసారి గంధకంతో ఉడికిందంటే మళ్ళీ కరగదు. ఇది అలా కాదు. వేడికి పాకంలా కరుగుతుంది, చల్లారితే రబ్బరులా సాగుతుంది, మళ్ళీ వేడి తగిలితే మళ్ళీ కరుగుతుంది. ఈ చివరి ముక్క మాత్రం ఆయన కొనేవాళ్ళ దగ్గర ఎత్తేవాడు కాదు. "ప్రాణం పోయినా ఊడదండి" అనేవాడు, అంతే.

పంజాగుట్టలో చెప్పుల కంపెనీ నడిపే క్రీస్తుదాసు ఆర్డరు గనక రాకపోతే బ్రాంచి మూసేస్తామని పైవాళ్ళు తేల్చేశారు. యాభై దాటాక మళ్ళీ ఉద్యోగాల వేట ఆయన వల్లయ్యే పని కాదు. అందుకని క్రీస్తుదాసుకి సాంపిల్‌గా చూపిద్దామని తన బూట్ల సోళ్ళు పీకించి, సొంత జిగురుతో అంటించుకున్నాడు.

"మే నెల ఎండలో ఎందుకండీ ఈ ప్రయోగం?" అంది భార్య జానకీదేవి. ఈవిడకేం తెలుసులే అనుకుని, మెట్రో కూడా ఎక్కకుండా నడిచే బయల్దేరాడు మహానుభావుడు.

తారురోడ్డు పెనంలా కాలుతోంది. పంజాగుట్ట చేరేసరికి జిగురు కరిగి సోళ్ళ అంచుల్లోంచి కారుతోంది. కాళ్ళీడ్చుకుంటూ క్రీస్తుదాసు గదిలోకి వెళ్ళి, ఏసీ ఎదుట కుర్చీలో కూలబడి, సోళ్ళు ఊడకుండా పాదాలు గట్టిగా అదిమిపెట్టాడు. కింద కొత్త తివాచీ ఉంది.

చాలాసేపటికి క్రీస్తుదాసు వచ్చి బల్ల వెనక కూర్చున్నాడు.

"జర దగ్గరికి రాండ్రి. సాంపిల్ చూపెట్టుండ్రి."

హనుమత్ప్రసాద్ లేచాడు గానీ అడుగు పడలేదు. చల్లారిన జిగురు తన పని తాను చేసేసింది.

"ఇక్కణ్ణుంచే చెబుతానండి."

"గంత దూరం నుంచి ఏం కనిపిస్తది?"

"చూడ్డానికేముందండీ, గట్టి జిగురు."

క్రీస్తుదాసు మొహం చిట్లించి తానే లేచి వచ్చాడు. సంగతి అర్థమై, వంగి ఒక బూటు పట్టి లాగాడు. బూటు వచ్చింది. సోల్ తివాచీకే ఉండిపోయింది.

"కొత్త కార్పెట్ ఖరాబ్ చేసిన్రు గదనె."

హనుమత్ప్రసాద్‌కి ఏడుపొక్కటే తక్కువ. "ఖరాబు కాదండి. వేడిగాలి కొడితే ఊడొస్తుంది" అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"ఊడొస్తదా? నిజంగ?"

ఇంక దాచేదేముంది. "ఊడొస్తుందండి. ఎన్నిసార్లయినా."

"మరి గా ముచ్చట ముందుగాల చెప్పాలె గద. నా షోరూములన్నీ కిరాయివి. ఖాళీ చేసినప్పుడల్లా అంటించిన కార్పెట్లు ఊడక చింపి పారేస్తున్న. చెప్పులకు మీ జిగురు వద్దు. కార్పెట్లకు తెప్పియ్యుండ్రి."

హనుమత్ప్రసాద్ గబగబా ఆర్డరు రాసుకున్నాడు. బూట్లక్కడే వదిలి, మేజోళ్ళతో గుమ్మం దాకా నడిచాడు. క్రీస్తుదాసు వెనక్కి పిలిచి, తన కంపెనీ చెప్పుల జత ఒకటి ఆయన ముందు పెట్టాడు.

"ఏస్కోండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి, కుట్టినయి."