పడవవాడూ మా కొత్త బావా

మొన్న మిల్లులో టీ వేళకు ఫోను తెరిస్తే, ఒకప్పుడు నేను విడవకుండా ఆడిన ఫైటింగ్ గేమ్ కొత్త రూపంలో వస్తున్నదనీ, పాత వీరులలో ఎవరెవరి విద్యలను ఎలా మార్చారనీ వివరంగా రాసి ఉన్నది కనబడింది. వేర్వేరు ఆటలలోని వీరులను పట్టుకొచ్చి ఒకే బరిలో దింపిన ఆట అది. రేసు కారు తోలేవాడూ, దయ్యాలను పట్టే అమ్మాయీ, యుద్ధ ట్యాంకుల ఆటలోని ఇనుప ఏనుగూ అందరూ అక్కడ కలిసి కొట్టుకునేవారు. నా కన్ను నేరుగా పడవవాడి పేరు మీదికి పోయింది. అతని కౌంటర్‌ను తగ్గించారట. ఇకమీద తగిలిన దెబ్బకు రెట్టింపు కాకుండా, తగిలినంత మాత్రమే తిప్పి ఇస్తాడట. టీ చల్లారిపోయింది. చిన్నప్పుడు టీవీ ముందు చాప మీద కూర్చుని బొటనవేళ్ళు కాయలు కాచేట్లు ఆడిన నా ఈడువాళ్ళకు ఆ బాధ చెప్పకుండానే తెలుస్తుంది.

ఆడని వారికోసం రెండు మాటలు. ఆ ఆటలో దెబ్బ తగిలేకొద్దీ శాతం పెరుగుతుంది, శాతం పెరిగేకొద్దీ మనిషి మరింత దూరం ఎగిరిపడతాడు, బరి దాటి కిందికి పోతే ఒక ప్రాణం పోయినట్లు. పడవవాడు నదీ ప్రయాణపు ఆట ఒకదాని నుంచి వచ్చిన ముసలివాడు, చేతిలో తనకు రెండింతలుండే గడ. విద్యలు నాలుగు. స్పెషల్ బటన్‌ను ఊరికే నొక్కితే వల విసురుతాడు, అందులో చిక్కినవాడు నడవగలడు గాని ఎగరలేడు. పక్కకు నొక్కితే గడతో పొడుస్తాడు, కొన తగిలితే గట్టి దెబ్బ, నడిమి భాగం తగిలితే ఉత్త తోపు. పైకి నొక్కితే గడను గాలిలోనే ఊని ఎగురుతాడు; ఎంత లోతుకు పడినా తిరిగి అంచుకు చేరుకోవడంలో అతనికి సాటి ఎవరూ లేరు. ఇక కిందికి నొక్కితే గడను అడ్డంగా పట్టుకుని కదలకుండా నిలుస్తాడు, ఆ క్షణంలో ఎవరైనా కొట్టారా, ఆ దెబ్బ రెట్టింపై కొట్టినవాడికే తగులుతుంది. అదే కౌంటర్. ఎవరూ కొట్టకపోతే మాత్రం తరువాత కాసేపు బొమ్మలా నిలబడిపోతాడు, ఎవరేం చేసినా పడవలసిందే. పాలిటెక్నిక్‌లో నూలు బలం పరీక్షించడానికి పెట్టిన శ్రద్ధకంటే ఆ నిలుపు ఎంతసేపుంటుందో కనిపెట్టడానికి నేను పెట్టిన శ్రద్ధే ఎక్కువ.

నేను ఆ ఆటలో మునిగి ఉన్న రోజుల్లోనే మా అక్కకు పెళ్ళైంది. ఆ ఏడు ఆషాఢంలాంటి ఆడి నెల పుట్టగానే అక్కను ఇంటికి పిలుచుకువచ్చి, బావను విందుకు పిలిచాము. బావది సేత్తూరు, సేద్యం చేసే కుటుంబం. ఆయన మాత్రం కోయంబత్తూరు హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదివాడు. మా ఇంట్లో తాత కాలం నుంచీ ఒక వాడుక ఉండేది. విందు అయ్యాక కొత్త అల్లుణ్ణి ఆటకు కూర్చోబెట్టాలి, ఆ ఆటలో ఆయన ఓడకూడదు. పాచికలు వేసి కాయలు నడిపే తాయం ఆడితే మా మేనమామ తన కాయలను తానే తీసుకుపోయి అల్లుడి దారిలో నిలబెట్టేవాడు. అది మర్యాద అని అందరికీ తెలుసు, అల్లుడికి తప్ప.

కాని అక్కకు ఆ మర్యాదే భయంగా ఉండేది. బావ వస్తే ఇంట్లో అందరూ లేచి నిలబడేవారు, ఆయన కుర్చీలో ఒక్కడే కూర్చుని అడిగినదానికి మాత్రం జవాబు చెప్పేవాడు, నన్ను సైతం మీరు అనేవాడు. ఆ ఉదయం పెరట్లో పూలు కడుతూ అక్క నాతో, "మీ ఇంటికి వస్తే ఆఫీసుకు పోయినట్ల ఉండాది అంటాడురా. ఇట్లే అయితే తలదీపావళికి వస్తాడని నాకు నమ్మకం లేదు" అన్నది. పెళ్ళైన మొదటి దీపావళికి అల్లుడు రాకపోతే మా ఊళ్ళో అడగనివారు ఉండరు.

భోజనాలయ్యాక మామ తాయం పలక తీయబోతుంటే, బావ చూపు టీవీ కింద ఉన్న గేమ్ పెట్టె మీద ఆగింది. అది అవ్వ కనిపెట్టింది. నన్ను వంటింట్లోకి పిలిచి, "దాన్నే పెట్టురా. అల్లుడుదా గెలవాల, తెలిసిందా?" అన్నది. నడక నిదానం కాబట్టి ఓడినా ఎవరికీ అనుమానం రాదని నేను పడవవాణ్ణి తీసుకున్నాను. బావ ఇనుప ఏనుగును తీసుకున్నాడు. మొదటి ఆటలో కౌంటర్ జోలికే పోకుండా దెబ్బలన్నీ తిని, అంచు దాటాక గడ ఊనకుండా రాయిలా కిందికి పోయాను. చక్కగా కుదిరిందనుకున్నాను. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ బావ ఆడింది ఆ పడవవాడితోనేనని నాకేం తెలుసు?

రెండో ఆట మొదలవగానే ఏనుగు మెల్లగా నడిచి అంచుకు పోయి తనంతట తానే కిందికి దిగింది. వేలు జారిందేమో అనుకున్నాను. ఏనుగు తిరిగి వచ్చి మళ్ళీ దిగింది. ఇలాగైతే ఆయన ఓడిపోతాడని కంగారుపడి నేనూ దూకాను. చివరికి ఒకరికంటే ఒకరు ముందు పడాలని ఏనుగూ పడవవాడూ రెండు అంచులకూ పరుగు తీస్తుంటే, అవ్వ మురిసిపోయి, "సూడండి, ఇద్దరూ ఎంత మరియాదగా ఆడతాండారో!" అన్నది.

బావ నావైపు వంగి, "ఏరా, సుమ్మా ఊరికే దూకతాండావే, గడ దేనికి పెట్టుకొన్నావు?" అన్నాడు. అంతవరకు మీరు అన్న మనిషి! నేను అవ్వ వైపు చూశాను. గడపలో నిలబడి ఉన్న అక్క, "కొట్టురా, అవ్వకు నేను చెప్పుకొంటా" అన్నది.

అప్పటికి ఇద్దరికీ మిగిలింది ఒక్కొక్క ప్రాణమే. ఏనుగు కొమ్ము దించి పరుగెత్తుకొచ్చింది. అది దగ్గరికి వచ్చేదాకా ఆగి, కిందికి నొక్కాను. గడ అడ్డంగా లేచింది, కొమ్ము దానికి తగిలింది, అంత బరువైన ఏనుగు తెర దాటి ఎగిరిపోయింది.

మామ చేతిలోని మజ్జిగ చెంబు అలాగే ఉండిపోయింది. "అయ్యయ్యో, విందుకు వచ్చిన అల్లుణ్ణి కొట్టినాడే ఈ పావి!" అని అవ్వ నుదురు కొట్టుకున్నది. అక్క నావైపు చూడలేదు, బావ ముఖం మీదినుంచి కన్ను తీయలేదు.

బావ పగలబడి నవ్వాడు. కుర్చీ వెనక్కు నెట్టి నా పక్కన చాప మీదికి దిగి, "అవ్వా, వాడు ఇప్పుడుదా నాతో ఆడినాడు. రేయ్, ఇంకోటి పెట్టు" అన్నాడు. చీకటి పడేవరకు సేత్తూరుకు తిరిగిపోయే మాటే ఎత్తలేదు. ఆ ఏడు దీపావళికి మేము పిలవబోయేలోపే వచ్చి, వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాడు.

ఆ తరువాత మా ఇంట్లో అల్లుళ్ళకు ఓడే వాడుక ఎవరూ వద్దనకుండానే పోయింది. మంచిదే అనుకున్నాను. పోయిన ఆడికి చిన్నాన్న కూతురి భర్త మొదటిసారి విందుకు వచ్చాడు. ఎవరూ లేచి నిలబడలేదు, ఎవరూ మొహమాట పెట్టలేదు, తాయం పలక ఎక్కడుందో అడిగినవారు లేరు. తలా ఒక ఫోను పట్టుకుని తలా ఒక మూల కూర్చున్నాము. నేనూ ఎవరో ముఖం తెలియనివాడితో ఆడుకుంటున్నాను. ఆయన కాసేపు కిటికీలోంచి వీధి చూసి, ఎండ తగ్గకముందే వెళ్ళొస్తానన్నాడు. ఆయనతో ఓడిపోవడానికైనా మాలో ఒక్కరమూ కూర్చోలేదు.